రేడియం ధర: తేజీ, మందీ, వర్తకానికి పాఠం

బజారులో రేడియం అనే మాటకు కొదవ లేదు. లారీల వెనుక, ఆటోల మీద, నంబరు పలకల మీద రాత్రిపూట మెరిసే అక్షరాలు కత్తిరించి అంటించే దుకాణాలను ఊరూరా రేడియం షాపులనే పిలుస్తారు. ఆ స్టిక్కర్లలో రేడియం రవ్వంత కూడా ఉండదు. మీద పడిన వెలుతురును వెనక్కు పంపే ప్లాస్టిక్ పొర మాత్రమే అది. అయినా చీకట్లో మెరిసే వస్తువుకు ఆ పేరు నిలిచిపోయింది. ఒకప్పుడు గడియారాల అంకెలకు పూసిన వెలుగు రంగులో అసలు రేడియం ఉండేది.

ఆ అసలు రేడియం ఒక లోహం. 1921లో అది గ్రాము లక్ష డాలర్లు పలికింది. నాటి ధరల ప్రకారం ఆ సొమ్ముకు సుమారు 150 కిలోల బంగారం వచ్చేది. నేడు పాత రేడియం సూదులు, గొట్టాలు చేతిలో మిగిలిపోయినవారు వాటిని భద్రంగా వదిలించుకోవడానికి ఎదురు ఖర్చు పెట్టుకోవలసి వస్తున్నది. ఈ మధ్యకాలంలో లోహం గుణం మారలేదు, దాని అరుదుదనమూ మారలేదు. మారినవి సరఫరా, వాడకం. అరుదైన సరుకు కాబట్టి ధర తప్పక నిలుస్తుందని నమ్మేవారు రేడియం చరిత్ర ఒకసారి తిరగవేయడం మంచిది.

సరుకు గుణగణాలు

మూలకాల పట్టికలో రేడియం 88వది. పరమాణు భారం 226. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం ఉన్న కుటుంబానికి చెందినది. రసాయన గుణాల్లో బేరియాన్ని చాలా దగ్గరగా పోలి ఉంటుంది. శుద్ధమైన లోహం వెండిలా తెల్లగా ఉంటుంది గాని గాలి తగిలిన కొద్దిసేపటికే నల్లబడుతుంది. నీటిలో వేస్తే రసాయన చర్య జరిగి హైడ్రోజన్ వెలువడుతుంది. సుమారు 700 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. గాలికి, తేమకు ఆగని లోహం గనుక వ్యాపారంలో ఎన్నడూ కడ్డీలుగా, బిళ్లలుగా చలామణీ కాలేదు. బ్రోమైడు, క్లోరైడు, సల్ఫేటు లవణాల రూపంలో, గాజు గొట్టాల్లోను, ప్లాటినం సూదుల్లోను మూసి అమ్మేవారు.

దీని విలువంతా రేడియోధార్మికతలో ఉన్నది. ఒక గ్రాము రేడియంలో సెకనుకు సుమారు 3,700 కోట్ల పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. ఆ విచ్ఛిత్తిలో కిరణాలతోపాటు వేడి కూడా పుడుతుంది. గ్రాముకు గంటకు సుమారు 100 కాలరీల వేడి వస్తుందని 1903లోనే కొలిచారు. అంటే తన బరువుకు మించిన మంచుగడ్డను గంటలో కరిగించగలదు. విచ్ఛిన్నమైన రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. అదీ రేడియోధార్మికమే.

రేడియం అర్ధాయువు 1,600 సంవత్సరాలు. అంటే నేడు ఒక గ్రాము సరుకు గిడ్డంగిలో పెడితే 1,600 ఏళ్ల తరువాత అందులో అరగ్రాము మిగులుతుంది. వర్తకుల లెక్కలో చెబితే ఏడాదికి గ్రాముకు తరుగు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఈ తక్కువ తరుగు మొదట సరుకుకు గొప్ప సుగుణంగా కనిపించింది. తరువాత అదే ధరకు ప్రతికూలమైంది.

ఖనిజం నుంచి గ్రాము వరకు

రేడియం స్వతంత్రంగా ఏ గనిలోనూ దొరకదు. యురేనియం మెల్లమెల్లగా విచ్ఛిన్నమయ్యే క్రమంలో పుట్టేది గనుక యురేనియం ఖనిజంలోనే ఉంటుంది. రెండింటి నిష్పత్తిని ప్రకృతే నిర్ణయించింది. దాదాపు మూడు టన్నుల యురేనియానికి ఒక గ్రాము రేడియం. అంతకంటె ఎక్కువ ఎంత ప్రయత్నించినా రాదు. సగానికి సగం యురేనియం ఉన్న మేలురకం ఖనిజమైతే ఆరు టన్నుల్లో గ్రాము ఉంటుంది. నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే ఉన్న ఖనిజమైతే వందల టన్నులు తవ్వాలి. ఖర్చులో తేడా అంతా అక్కడే వస్తుంది.

పారిస్ నగరంలో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు గుస్తావ్ బెమోన్‌తో కలిసి 1898 డిసెంబరులో ఈ మూలకాన్ని ప్రకటించారు. వారికి ముడిసరుకు నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో బొహీమియా ప్రాంతపు యోఆఖిమ్‌స్టాల్ గని నుంచి వచ్చింది. అక్కడ పిచ్‌బ్లెండ్ అనే నల్లని ఖనిజం నుంచి గాజుకు, పింగాణీకి రంగువేసే యురేనియం తీసుకుని మిగిలిన మడ్డిని పారవేసేవారు. ఆ మడ్డిలోనే రేడియం ఉన్నది. టన్నులకొద్దీ మడ్డిని ఉడికించి, వడగట్టి 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడును మేరీ క్యూరీ వేరుచేశారు. లోహాన్ని విడిగా తీయడం 1910లో, ఆంద్రే దెబియేర్న్ సహాయంతో సాధ్యపడింది.

తయారీ పద్ధతి చెప్పడానికి సులువు, చేయడానికి ప్రయాస. ముందుగా ఖనిజాన్ని పిండిచేసి ఆమ్లంలో కరిగిస్తారు. అందులో బేరియం లవణం కలుపుతారు. రేడియం కంటికి కనిపించనంత స్వల్పం కనుక ఒంటరిగా అడుగుకు దిగదు. బేరియం సల్ఫేటు అడుగుకు దిగేటప్పుడు దానితోపాటు దిగుతుంది. ఆ మడ్డిని సోడాతో ఉడికించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. అప్పుడు బేరియం, రేడియం కలిసి ఉన్న ద్రావణం వస్తుంది. దాన్ని మరిగించి చల్లారిస్తే ముందుగా కట్టే స్ఫటికాల్లో రేడియం పాలు ఎక్కువగా ఉంటుంది. ఆ స్ఫటికాలను మళ్లీ కరిగించి, మళ్లీ చల్లార్చాలి. ఇలా పదులు, వందలసార్లు చేస్తే గాని శుద్ధమైన సరుకు చేతికి రాదు.

తూకం కాదు, కొలత

రేడియం వ్యాపారంలో మరో విశేషం దాని మదింపు విధానం. మిల్లీగ్రాముల్లో అమ్మే సరుకును త్రాసులో తూచి కొనడం కుదరదు. గొట్టంలో ఉన్న లవణంలో బేరియం ఎంత, రేడియం ఎంత అన్నది బరువు చెప్పదు. అందువల్ల మూసిన గొట్టం నుంచి వెలువడే గామా కిరణాల తీవ్రతను ప్రమాణ నమూనాతో పోల్చి, అందులో ఉన్న రేడియం పరిమాణం నిర్ణయించేవారు. మేరీ క్యూరీ 1911లో సుమారు 22 మిల్లీగ్రాముల శుద్ధ రేడియం క్లోరైడుతో తయారుచేసిన గొట్టాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా స్వీకరించారు. అమెరికాలో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ కొలిచి సర్టిఫికెట్ ఇచ్చేది. ఆ కాగితం ఉంటేనే సరుకు చేతులు మారేది. ధర కూడా గొట్టం బరువుకు గాక అందులోని రేడియం మూలకం మిల్లీగ్రాముకు ఇంత అని ఖరారయ్యేది.

తేజీ రోజులు

కాన్సర్ గడ్డల మీద రేడియం కిరణాలు పనిచేస్తాయని తేలగానే ఆసుపత్రుల గిరాకీ మొదలైంది. ఆస్ట్రియా ప్రభుత్వం తన గని ఖనిజాన్ని బయటికి పోనీయకుండా కట్టడి చేసింది. సరుకు కొరత ఏర్పడి ధర ఎగబాకింది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు గ్రాము 1,60,000 నుంచి 1,80,000 డాలర్ల వరకు పలికింది.

ఆ ధర చూసి అమెరికాలో కొలరాడో, యూటా రాష్ట్రాల కార్నొటైట్ అనే పసుపురంగు ఖనిజం మీద వ్యాపారుల దృష్టి పడింది. పిట్స్‌బర్గ్‌కు చెందిన స్టాండర్డ్ కెమికల్ కంపెనీ 1913లో రేడియం ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడి ఖనిజం తక్కువరకం. ఒక గ్రాముకు సుమారు 500 టన్నుల ఖనిజం, దానికి తగిన రసాయనాలు, బొగ్గు, నీరు కావలసివచ్చేవి. 1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి బహూకరించిన గ్రాము రేడియం ఈ కంపెనీ తయారుచేసినదే. దేశాధ్యక్షుడు హార్డింగ్ చేతులమీదుగా ఆ బహుమానం జరిగింది. దాని ఖరీదు లక్ష డాలర్లు.

ఇక్కడ వర్తకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. 1913లో ఏర్పడిన నేషనల్ రేడియం ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ అమెరికా గనుల శాఖతో కలిసి అదే కార్నొటైట్ నుంచి డెన్వర్‌లో రేడియం తయారుచేసింది. వారికి పడిన ఖర్చు గ్రాముకు 40 వేల డాలర్ల లోపే. అంటే బజారు ధర ఉత్పత్తి ఖర్చుకు మూడు నాలుగింతలు ఉన్నది. ఇంత లాభం కనిపించే సరుకులోకి ఎక్కడో ఒకచోట నుంచి కొత్త అమ్మకందారు రాక తప్పదు. ఆ మాట అప్పటికే లెక్కల్లో ఉన్నది గాని, తేజీలో ఉన్న బజారు దాన్ని లక్ష్యపెట్టలేదు.

కాంగో సరుకు దిగింది

కొత్త అమ్మకందారు ఆఫ్రికా నుంచి వచ్చాడు. నాటి బెల్జియన్ కాంగోలో కటాంగా రాగి గనుల ప్రాంతాన షింకోలోబ్వే వద్ద 1915లో అత్యంత మేలురకం యురేనియం ఖనిజం బయటపడింది. ఏరిన ఖనిజంలో సగానికి పైగా యురేనియమే ఉండేది. యుద్ధం ముగిసిన తరువాత ఉనియన్ మినియేర్ కంపెనీ ఆ ఖనిజాన్ని ఓడల్లో బెల్జియానికి తరలించి, ఊలెన్ వద్ద నెలకొల్పిన కర్మాగారంలో 1922లో రేడియం తీయడం ప్రారంభించింది.

ధర 70 వేల డాలర్లకు దిగింది. గ్రాముకు వందల టన్నులు తవ్వవలసిన కొలరాడో గనులకు ఆ ధర గిట్టలేదు. కొద్దికాలానికే అక్కడి రేడియం ఉత్పత్తి దాదాపు నిలిచిపోయింది. బెల్జియం కంపెనీ చేతిలో ప్రపంచ బజారు దాదాపు గుత్తగా ఉండిపోయింది. కాంగో సరుకు అంతా ఒకేసారి దింపి ఉంటే ధర ఇంకా కుంగేది. కంపెనీ అలా చేయలేదు. పోటీదారు నిలవలేని ధర పెట్టి, ఆ ధర వద్ద బజారును పట్టి ఉంచింది.

ఆ పట్టు సుమారు పదేళ్లు సాగింది. 1930లో కెనడా ఉత్తర ప్రాంతంలో గ్రేట్ బేర్ సరస్సు ఒడ్డున గిల్బర్ట్ లబీన్ పిచ్‌బ్లెండ్ కనుగొన్నాడు. బంగారం గనుల కోసం ఏర్పడిన ఎల్డొరాడో కంపెనీ రేడియంలోకి దిగింది. ఒంటారియో రాష్ట్రం పోర్ట్ హోప్‌లో శుద్ధి కర్మాగారం పెట్టింది. రెండు కంపెనీల పోటీలో ధర మళ్లీ జారి, ఆ దశాబ్ది చివరకు గ్రాము 25 వేల డాలర్ల ప్రాంతానికి వచ్చింది. 1938లో ఇద్దరూ బజారు పంచుకునే ఒడంబడికకు వచ్చారు. అయినా పాత ధర తిరిగి రాలేదు. 1940లో కెనడా గని మూతపడింది.

అరగని నిల్వ

ఒడంబడికలు కుదిరినా ధర ఎందుకు లేవలేదు? ఇద్దరు అమ్మకందారులు ఏకమైతే మామూలు సరుకుల్లో తేజీ వస్తుంది. రేడియంలో రాకపోవడానికి మూలకారణం దాని సుదీర్ఘ అర్ధాయువే.

బియ్యం, నూనె, బొగ్గు వాడితే ఖర్చయిపోతాయి. కొన్నవాడు మళ్లీ బజారుకు వస్తాడు. రేడియం అలా కాదు. ఒక ఆసుపత్రి వంద మిల్లీగ్రాములు కొన్నదంటే తరతరాలు ఆ సరుకే చాలు. సూది పోతేనో, విరిగితేనో తప్ప మళ్లీ కొనవలసిన అగత్యం లేదు. ఏటా కొత్తగా తీసిన ప్రతి గ్రామూ పాత నిల్వకు కలుస్తుంది గాని పాత నిల్వ తరగదు. అమ్మకందారుకు అసలు పోటీ తాను ఇంతకుముందు అమ్మిన సరుకే. కొత్త వాడకం పుడితే తప్ప గిరాకీ పెరగదు.

అలా నిజంగా ఖర్చయ్యే వాడకం ఒకటి ఉండేది. అది వెలుగు రంగు. జింకు సల్ఫైడులో అతిస్వల్ప పరిమాణంలో రేడియం కలిపి గడియారాలు, విమాన పరికరాల అంకెలకు పూసేవారు. ఆ వాడకమే ఘోర నష్టానికి దారితీసింది. అమెరికా న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో అంకెలు దిద్దే యువతులు కుంచె మొన సన్నబడటానికి దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని పని చేసేవారు. ఆ విధంగా రేడియం కడుపులోకి పోయింది. కాల్షియం కుటుంబపు లోహం కనుక శరీరం దాన్ని ఎముకల్లో చేర్చుకున్నది. దవడ ఎముకలు కుళ్లి, రక్తం క్షీణించి పలువురు మరణించారు. డాక్టర్ హారిసన్ మార్ట్‌లాండ్ 1925లో కారణాన్ని బయటపెట్టారు. ఐదుగురు మహిళలు వేసిన దావా 1928లో రాజీ అయింది. ఒక్కొక్కరికి 10 వేల డాలర్లు, ఏటా 600 డాలర్ల భృతి, వైద్యం ఖర్చు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకున్నది. నాటి గ్రాము ధరలో సుమారు ఏడోవంతు సొమ్ము అది.

రేడియం నీళ్లు బలవర్ధకమని సీసాల్లో అమ్మిన వ్యాపారమూ సాగింది. పిట్స్‌బర్గ్ ఉక్కు వ్యాపారి ఎబెన్ బైర్స్ అటువంటి మందునీళ్లు సంవత్సరాల తరబడి తాగి 1932లో మరణించాడు. ఆ వార్తతో అటువంటి సరుకుల మీద ప్రభుత్వ నిఘా బిగిసింది. కొనేవారిలో భయం ప్రవేశించింది.

ఉపసరుకు అసలు సరుకైంది

రెండో ప్రపంచయుద్ధంలో లెక్క పూర్తిగా తారుమారైంది. అంతవరకు రేడియం కోసం ఖనిజం తవ్వి, మిగిలిన యురేనియాన్ని రంగులవారికి అగ్గువకు ఇచ్చేవారు. అణుబాంబు పనికి యురేనియం కావలసివచ్చింది. ఉనియన్ మినియేర్ అధిపతి ఎడ్గార్ సెంజియే ముందుచూపుతో 1940లో సుమారు 1,200 టన్నుల కాంగో ఖనిజాన్ని న్యూయార్క్ రేవుకు చేర్చి, స్టాటెన్ ఐలాండ్ గిడ్డంగిలో ఉంచాడు. 1942లో అమెరికా సైన్యం దాన్ని కొనుగోలు చేసింది. మూతపడిన కెనడా గని కూడా అదే ఏడాది యురేనియం కోసం తెరుచుకున్నది. అప్పటి నుంచి యురేనియం అసలు సరుకు, రేడియం మడ్డిలో పోయే వ్యర్థం.

యుద్ధానంతరం అణు రియాక్టర్లలో కృత్రిమ ఐసోటోపులు తయారవడంతో రేడియానికి చివరి దెబ్బ తగిలింది. కోబాల్ట్–60తో కాన్సర్ చికిత్స 1951లో కెనడాలో మొదలైంది. తరువాత సీసియం–137, ఇరిడియం–192 వచ్చాయి. ఇవి చౌక. వీటి నుంచి రేడాన్ వంటి వాయువు పుట్టదు. కోబాల్ట్ అర్ధాయువు ఐదేళ్ల పైచిలుకు మాత్రమే గనుక ఆసుపత్రి మళ్లీ మళ్లీ కొనవలసిందే. తయారుచేసేవారికి నికరమైన గిరాకీ దొరికింది. గడియారాల రంగులో ట్రిటియం, ప్రొమీథియం చేరి, ఆ పైన రేడియోధార్మికత ఏమాత్రం లేని స్ట్రాన్షియం అల్యూమినేట్ స్థిరపడింది.

నేటి పరిస్థితి

పాత సూదుల్లో రేడియం విచ్ఛిత్తి వల్ల హీలియం, రేడాన్ వాయువులు పేరుకుని ఒత్తిడి పెరుగుతుంది. సూది చిట్లితే గది అంతా కలుషితమవుతుంది. అందువల్ల అనేక దేశాల్లో పాత సరుకును సేకరించి ఉక్కు గుళికల్లో మూసి దాస్తున్నారు.

ఇటీవల ఒక కొత్త వాడకం కనిపించింది. కాన్సర్ చికిత్సలో ఉపయోగపడే ఆక్టీనియం–225 తయారీకి రేడియం–226 ముడిసరుకు. అందుకే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2021లో పాత రేడియాన్ని ఒక దేశం నుంచి మరొక దేశానికి చేర్చి తిరిగి వాడుకలోకి తెచ్చే కార్యక్రమం ప్రారంభించింది. అంతమాత్రాన రేడియం బజారు సరుకైందని భావించరాదు. అది ప్రభుత్వాలు, లైసెన్సు పొందిన ప్రయోగశాలల మధ్య కాగితాల మీద జరిగే బదిలీ. దళారీకి, నిల్వదారుకు అందులో స్థానం లేదు.

మన ప్రాంతంలో రేడియం ఎక్కడున్నదంటే కడప జిల్లా తుమ్మలపల్లె వైపు చూడాలి. అక్కడ ప్రభుత్వరంగ యురేనియం కార్పొరేషన్ ఖనిజం నుంచి యురేనియం తీసిన తరువాత అందులోని రేడియం చాలావరకు వ్యర్థాల చెరువుకు చేరుతుంది. ఒకనాడు యోఆఖిమ్‌స్టాల్ మడ్డిలో నిధిగా కనిపించిన పదార్థమే నేడు గట్టు కట్టి కాపాడవలసిన వ్యర్థం.

వర్తకులు గమనించవలసినవి

అరుదైన రేడియోధార్మిక లోహం ఉన్నదని, గ్రాము కోట్లు చేస్తుందని, పరీక్షకు ముందుగా కొంత సొమ్ము పెడితే చాలునని చెప్పి మోసగించే ముఠాల వార్తలు తెలుగు జిల్లాల్లోను వినవస్తూనే ఉన్నాయి. పిడుగు పడిన రాగిపాత్ర, బియ్యాన్ని లాగే రైస్ పుల్లర్ అనే కథలు ఈ కోవలోనివే. పేరు ఇరిడియం అయినా, రేడియం అయినా, మరొకటి అయినా ఎత్తుగడ ఒక్కటే. అటువంటి బేరం వచ్చినప్పుడు పై చరిత్ర నుంచి కొన్ని ప్రశ్నలు వేసుకోవచ్చు.

ఒకటి, సరుకు ఏ రూపంలో ఉన్నది? రేడియం లోహం గాలిలో మెరుస్తూ నిలవదు. మెరిసే బిళ్ల చూపితే అది రేడియం కాదు. ఒకవేళ నిజంగా రేడియం అయితే చేత్తో పట్టుకుని చూపేవాడు ముందుగా తానే ప్రమాదంలో ఉన్నట్టు.

రెండు, ఎక్కడి నుంచి వచ్చింది? యురేనియం లేనిచోట రేడియం లేదు. టన్నుల ఖనిజం, కర్మాగారం లేకుండా గ్రాము పుట్టదు. పాత పాత్రలో, పునాదుల కింద ఊరికే దొరకదు.

మూడు, ఎవరు కొలిచారు? 1912 నాటి వర్తకుడే అధికారిక కొలత కాగితం లేకుండా మిల్లీగ్రాము కొనలేదు. నేడు మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేనిదే ఇటువంటి పదార్థం ఉంచుకోవడం గాని, రవాణా చేయడం గాని కుదరదు. అనుమతి లేని సరుకు అసలుదైతే నేరం, నకిలీదైతే నష్టం. రెండు విధాలా కొన్నవాడికే చేటు.

నాలుగు, మళ్లీ ఎవరు కొంటారు? ఇది అన్నిటికంటె ముఖ్యం. కాగితం మీద గ్రాము ధర ఎంత ఉన్నా, రేపు తిరిగి కొనేవాడి పేరు, అతని అవసరం, అతని లైసెన్సు తెలియనిదే అది ధర అనిపించుకోదు. రేడియం లక్ష డాలర్లు పలికిన రోజుల్లో కూడా కొనేవారు కొద్దిమంది ఆసుపత్రులవారు, రంగులవారు మాత్రమే. వారు తప్పుకోగానే సరుకు అలాగే ఉన్నది, ధర పోయింది.